స్ఫటికం నుంచి పటిక దాకా: నా అనుభవం

"అక్కా, స్ట్రక్చరల్ బయాలజీల పీహెచ్‌డీ చేసి టీకాల కంపెనీలకు ఎట్ల పోయినవ్? నేను గూడ అటే రావాలనుకుంటున్న." నల్లగొండ నుంచి నెలకు ఇద్దరు ముగ్గురు జూనియర్లు ఇట్లా ఫోన్ చేస్తుంటారు. పది నిమిషాల్లో చెప్పే ముచ్చట కాదు కాబట్టి ఒక్కసారే రాసి పెడుతున్నాను. తేదీలన్నీ నా డైరీలో ఉన్నవే. జీతాల సంగతి కూడా దాచను. నేను అడిగినప్పుడు నాకెవరూ చెప్పలేదు, ఆ కోపం ఇంకా పోలేదు.

మాది మర్రిగూడ దగ్గర ఊరు. నల్లగొండ ఎన్జీ కాలేజీలో బీజెడ్‌సీ, 2011లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. నెట్ పరీక్ష మూడోసారి రాస్తే గాని పరిశోధనకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ రాలేదు. మధ్యలో మిర్యాలగూడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నెలకు 8,000కు బోటనీ చెప్పాను. 2014 జనవరిలో హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరితే ఫెలోషిప్ 16,000. ఆ అక్టోబర్ నుంచి 25,000 చేశారు గాని, పెరిగిన డబ్బులు చేతికొచ్చేసరికి మరో ఎండాకాలం వచ్చింది. అప్పటిదాకా హాస్టల్ మెస్ బిల్లుకు మా నాయిన బత్తాయిల మీద అడ్వాన్స్ తీసుకుని పంపేవాడు. "చదువుకు జీతమిస్తరంటివి గద బిడ్డా, మల్ల నేనెందుకు పంపుడు?" అని ఒక్కసారే అడిగాడు.

స్ట్రక్చరల్ బయాలజీ అంటే ప్రోటీన్ల ఆకారం తేల్చే శాస్త్రం. దానికోసం ఆ రోజుల్లో మా ల్యాబ్‌లో ఒక్కటే పని: ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చడం. చిన్న గాజు బిళ్ల మీద ఒక మైక్రోలీటరు ప్రోటీన్, ఒక మైక్రోలీటరు ద్రావణం కలిపి చుక్క పెట్టాలి. ఆ బిళ్లను బోర్లించి, అంచుకు గ్రీజు రాసిన గుంట మీద మూత పెట్టినట్టు పెట్టాలి. ట్రేకు 24 గుంటలు. ఇక రోజూ మైక్రోస్కోపు కింద చూసుకుంటూ కూర్చోవాలి. స్ఫటికం రేపు రావచ్చు, ఆరు నెలలకు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. మొదటి ఏడు నెలలు నాకు వచ్చినవన్నీ ఉప్పు స్ఫటికాలే. సన్న సూదితో నొక్కితే ఉప్పుదైతే టక్కున విరుగుతుంది, ప్రోటీన్‌దైతే గడ్డపెరుగులా నలిగిపోతుంది. ఆ 'టక్' చప్పుడు చెవికి వినపడేది కాదు, వేలికి తెలిసేది. దానికి నేనెంత భయపడ్డానంటే, చివర్లో అందంగా కనిపించిన స్ఫటికాలను నొక్కి చూడడం మానేసి రెండు రోజులు ఊరికే చూస్తూ ఉండేదాన్ని.

నా ప్రోటీన్ ఒక బాక్టీరియా ఒంటి మీద ఉండేది. దాని నడుమ 14 అమైనో ఆమ్లాల వదులు భాగం ఒకటి, మేం లూప్ అంటాం. అది ఒకచోట కుదురుగా ఉండదు. కుదురు లేనిది స్ఫటికంలో ఒదగదు. ఈ విద్య నేర్చిన ఎవరైనా ఇచ్చే సలహా ఒక్కటే: కోసెయ్. 2016 మేలో జీన్‌లోంచి ఆ ముక్క తీసేసి, ప్రోటీన్‌ను మళ్లీ తయారుచేసి చుక్కలు పెట్టాను. పంతొమ్మిదో రోజున ట్రేలో సీ4 గుంటలో పలకల్లాంటి స్ఫటికాలు. సూది పెడితే నలిగాయి. ఆ సాయంత్రం ల్యాబ్ అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖర్చే, 340 రూపాయలు.

ఆ స్ఫటికాల మీద ఎక్స్‌రేలు పడేయడానికి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ యంత్రం దగ్గరికి పోయాం. ద్రవ నైట్రోజన్‌తో తడిపిన డ్రై షిప్పర్ అనే పీపాను బెర్తుకు గొలుసుతో కట్టి, రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాం. టీటీ వచ్చి "ఇదేంటి?" అంటే, "బాక్టీరియా ప్రోటీన్ సార్" అని నోరుజారాను. బోగీ అంతా మావైపే చూసింది. 31 స్ఫటికాలు తీసుకుపోతే 28 పనికిరాలేదు. ఒక్కటి 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు) వివరం దాకా డేటా ఇచ్చింది. ఆ ఒక్కటి చాలు. ఈ మాట గుర్తుంచుకోండి, ఈ కథలో తర్వాత నన్ను దెబ్బకొట్టేది ఇదే.

తర్వాత నాలుగు నెలలు కంప్యూటర్ ముందు. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ఇచ్చిన పటం ఒకటుంది, ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగలేదో చెప్పేది. అందులో నా ప్రోటీన్ తాలూకు చుక్కలన్నీ సరైన చోట పడేదాకా మా గైడ్ సంతకం పెట్టలేదు. 2018లో పేపర్ వచ్చింది. అప్పటికే, స్ఫటికం అక్కర్లేకుండా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ప్రోటీన్ ఆకారం చూసే క్రయో-ఈఎంకు నోబెల్ రావడం (2017) చూసి మా బ్యాచ్‌లో సగం మంది "స్ఫటికాల కాలం అయిపోయింది" అని టెన్షన్ పడుతున్నారు. నాకు ఆ టెన్షన్ పట్టడానికి తీరిక లేదు. 2017లో పాప పుట్టింది.

థీసిస్ 2019 డిసెంబర్ 30న ఇచ్చాను. వైవా మార్చిలో అన్నారు. మార్చిలో ఏమైందో అందరికీ తెలుసు. పాపను తీసుకుని ఊరికి వచ్చేశాను. వైవా చివరికి ఆగస్టులో ఆన్‌లైన్‌లో జరిగింది. ఇంట్లో సిగ్నల్ ఉండదు కాబట్టి డాబా మీద, వాటర్ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని రెండు గంటలు జవాబులు చెప్పాను. కింద మా అమ్మ కోళ్లను అదిలిస్తూనే ఉంది, పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ "వెనకాల ఏదో జరుగుతోంది" అని నవ్వారు. మర్నాడు పక్కింటి పెద్దమ్మ మోకాళ్ల నొప్పులకు గోళీలు రాయమని వచ్చింది. డాక్టర్ అన్నారు కదా మరి!

వైవా కోసం ఎదురుచూసిన ఆ ఐదారు నెలల్లోనే నాకు టీకాల మీద చూపు పడింది. కరోనా వైరస్ జన్యుక్రమం 2020 జనవరిలో బయటికొచ్చింది. ఫిబ్రవరికల్లా దాని స్పైక్ ప్రోటీన్ ఆకారం క్రయో-ఈఎంతో తేల్చేశారు. రోజుకు 1.5 జీబీ డేటాలో ఆ పేపర్ దింపుకుని, మళ్లీ డాబా మీదే కూర్చుని చదివాను. స్పైక్ ఒక స్ప్రింగ్ లాంటిది, ఊరికే పేలి ఆకారం మార్చేసుకుంటుంది. పేలిన తర్వాతి ఆకారం మీద యాంటీబాడీలు తయారైతే పెద్ద లాభం లేదు. ఆ పేపర్ రాసినవాళ్లు 986, 987 స్థానాల్లో రెండు ప్రోలీన్లు పెట్టి ఆ స్ప్రింగ్‌ను పేలకుండా బిగించారు. ప్రోలీన్ అంటే గొలుసులో వంగని కొక్కెం. కరోనా కుటుంబంలోదే అయిన మెర్స్ వైరస్ మీద ఈ కిటుకు 2017లోనే పనిచేసిందట. నేను రోజూ చూసే అమైనో ఆమ్లాలే, నేను రోజూ వాడే సాఫ్ట్‌వేరే. కానీ అది కోట్ల మంది భుజాల్లోకి పోతుంది. నా 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్ట్రక్చర్‌ను ఇప్పటిదాకా పదకొండు మంది ఉదహరించారు, అందులో ముగ్గురం మేమే.

2021 ఏప్రిల్‌లో మా అమ్మకు పీహెచ్‌సీలో కోవిషీల్డ్ వేయించాను. "నువ్వు జెప్పిన ఆ రెండు కొక్కేలు ఇండ్ల ఉన్నయా?" అని అడిగింది. లేవు. ఫైజర్, మోడెర్నాల్లో ఉన్నాయి, కోవిషీల్డ్‌లో లేవు. "లేకున్నా పనిజేస్తదమ్మా" అన్నాను. అమ్మకు నా చదువు మీద నమ్మకం ఆ క్షణం కొంచెం తగ్గినట్టు కనిపించింది.

2020 అక్టోబర్ నుంచి హైదరాబాద్‌లోనే వేరే ల్యాబ్‌లో రీసెర్చ్ అసోసియేట్‌గా చేశాను. నెలకు 47,000, హెచ్‌ఆర్‌ఏతో (ఇంటి అద్దె భత్యం) కలిపి 58,000 పైచిలుకు. 2021లో ప్రోటీన్ ఆకారాన్ని ఊహించి చెప్పే ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ అందరి చేతికీ వచ్చాక నా పాత ప్రోటీన్‌ను అందులో వేసి చూశాను. నాకు రెండున్నరేళ్లు పట్టిన పని దానికి అరగంట. మడత అంతా దాదాపు సరిగ్గానే చెప్పింది. నేను కోసేసిన ఆ 14 ఉన్నచోట మాత్రం నారింజ రంగులో దారప్పోగులా గీసింది, అంటే 'నాకూ తెలియదు' అని. ఆ రాత్రి ఏడవలేదు గాని అన్నం సహించలేదు.

వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నది 2022 అక్టోబర్‌లో. ప్రాజెక్టు పొడిగింపు ఆరు నెలలకోసారి, ప్రతిసారీ చివరి వారం దాకా తేలదు. నా వయసు 33.

ఇక అసలు ప్రక్రియ. నవంబర్ నుంచి మే దాకా 38 దరఖాస్తులు పెట్టాను. జవాబు వచ్చినవి ఐదు, అందులో రెండు 'మీ అర్హత ఎక్కువ'. నా సీవీ ఆరు పేజీలు. కంపెనీలో పనిచేసే ఒక సీనియర్ చూసి, "ఇదంతా నువ్వేం కనుక్కున్నవో ఉంది, ఏం చెయ్యగలవో లేదు" అన్నాడు. ఆయన మాట మీద రెండు పేజీలకు కుదించి, పైన స్ట్రక్చర్ల బొమ్మలు తీసేసి, ఎన్ని లీటర్ల కల్చర్ పెంచాను, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు తీశాను, ప్రోటీన్‌ను శుద్ధి చేసే ఏ ఏ కాలమ్‌లు నడిపాను అని రాశాను. ఆ తర్వాతే ఫోన్లు మొదలయ్యాయి. పదేళ్లలో ఎవరూ అడగని అంకె లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములన్నది. అక్కడ మొదటి ప్రశ్నే అది.

మొదటి ఇంటర్వ్యూ 2023 ఫిబ్రవరి 14. ముగ్గురు కూర్చున్నారు. ఇరవై నిమిషాలు స్ట్రక్చర్ గురించి చెప్పాను, ప్రోటీన్ ఆకారాన్ని రంగురంగుల రిబ్బన్లుగా గీసిన బొమ్మలు తిప్పి చూపించాను. చివర కూర్చున్న పెద్దాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు.

"అమ్మా, ఇక్కడ గొలుసు తెగినట్టుందే?"

"లూప్ సార్. స్ఫటికం కోసం తీసేశాం. 14 రెసిడ్యూలు."

"బాక్టీరియా మీద అది బయటికి ఉంటుందా, లోపలికా?"

"బయటికే సార్. అన్నిటికన్నా పైకి."

"మరి ఒంట్లోకి పోయిన తర్వాత యాంటీబాడీ ముందు దేన్ని తగులుకుంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఉంది, కానీ నోట్లోంచి రాలేదు. ఆయన ఎగతాళి చేయలేదు, మంచినీళ్ల గ్లాసు నావైపు జరిపాడు. 23 రోజుల తర్వాత 'ప్రస్తుతానికి' అని మొదలయ్యే మెయిల్ వచ్చింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను చూడ్డానికి అడ్డమొచ్చిందని కోసి పారేసిన ముక్కే, ఒంట్లో కాపలా కణాలకు మొదట కనపడేది. డాబా మీద కూర్చుని ఆ రెండు ప్రోలీన్ల గురించి అబ్బురపడ్డప్పుడు ఈ సంగతి నాకెందుకు తట్టలేదో తెలియదు. వాళ్లు కదిలేదాన్ని కోయలేదు, కదలకుండా పట్టుకున్నారు. మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ పాప పడుకున్నాక ఇదే చదివాను. 1966లో అమెరికాలో, పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్‌ను ఫార్మాలిన్‌తో చంపి పిల్లలకు టీకాగా ఇస్తే, టీకా తీసుకున్న పిల్లలకే జబ్బు ముదిరింది, ఇద్దరు చనిపోయారు. ఆ వైరస్ మీది ఎఫ్ ప్రోటీన్ పేలకముందు ఎట్లా ఉంటుందో 2013లో మెక్‌లెలన్, గ్రాహం, క్వాంగ్ జట్టు తేల్చి, దాన్ని ఆ ఆకారంలోనే బిగించింది. ఆ దారిలో వచ్చిన మొదటి ఆర్‌ఎస్‌వీ టీకాకు అమెరికాలో అనుమతి వచ్చింది 2023 మే మొదటి వారంలో. నా రెండో ఇంటర్వ్యూ మే 11న, వేరే కంపెనీలో. మొదటి స్లైడ్ మీదే రాసుకుపోయాను: 'నేను కోసింది ఇది, కోయకుండా ఉంటే ఏం చేసేదాన్ని'. గంటన్నర మాట్లాడారు. రిబ్బన్లు తిప్పే అవసరమే రాలేదు.

ఆఫర్ లెటర్ జూలై 7న. ఏడాదికి 9,60,000 అని చూసి మా ఆయన నెలకు 80,000 అని లెక్కేశాడు. ఇంట్లో అందరికీ చెప్పేశాడు కూడా. అందులో వేరియబుల్ పే, రెండు వైపులా పీఎఫ్, గ్రాట్యుటీ, బస్సు, క్యాంటీన్ కోతలు పోను చేతికొచ్చింది 66,400. పైగా ఆ జూన్‌లోనే ఫెలోషిప్పులు పెంచి రీసెర్చ్ అసోసియేట్ మొదటి మెట్టు 58,000 చేశారు, హెచ్‌ఆర్‌ఏ వేరే. అంటే ఉన్నచోటే ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేది. ప్రాజెక్టు ఉంటే! సీటీసీ (కంపెనీ కాగితం మీద చూపే ఏడాది మొత్తం) చూసి ఎవరికీ చెప్పకండి, మొదటి జీతం స్లిప్ వచ్చేదాకా ఆగండి.

సర్టిఫికెట్లకు మరో నెల పట్టింది. పీహెచ్‌డీ ఒరిజినల్ డిగ్రీ నేను తీసుకోనేలేదు, ప్రొవిజనల్‌తోనే నెట్టుకొచ్చాను. దానికి ఫీజు, తత్కాల్, రెండుసార్లు సెలవు, నోడ్యూస్ కోసం లైబ్రరీలో 2015లో పోయిన పుస్తకానికి జరిమానా, అన్నీ కలిపి 4,700. మెడికల్‌లో హెపటైటిస్-బి టీకా వేయించుకున్నట్టు కాగితం అడిగారు. టీకాల కంపెనీకి పోతున్న నేను ఆ టీకా ఎప్పుడూ వేయించుకోలేదు.

చేరింది 2023 ఆగస్టు 21, సోమవారం. ఎల్బీ నగర్‌లో కంపెనీ బస్సు పొద్దున 6:05కు. అక్కడి నుంచి శామీర్‌పేట దాటి జీనోమ్ వ్యాలీకి గంటన్నర. పాప నల్లగొండలో వాళ్ల నాన్న, నాయనమ్మల దగ్గరే బడికి పోతుంది. శనివారం రాత్రి నేను వచ్చేసరికి నిద్రపోతుంటుంది, సోమవారం తెల్లవారుజామున నేను బయల్దేరేసరికీ నిద్రపోతుంటుంది. ఆదివారం ఒక్కటే మాది. దీని గురించి ఇంకేమీ రాయలేను.

మొదటి మూడు నెలలు నేను శాస్త్రవేత్తను అన్న సంగతే మరిచిపోయాను. 46 ఎస్‌ఓపీలు, అంటే ఏ పని ఎట్లా చేయాలో రాసిన పద్ధతులు, చదివి సంతకాలు పెట్టాలి. నీలం ఇంకు పెన్నే వాడాలి. తప్పు రాస్తే కొట్టేయకూడదు, ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం. రెండో వారంలో పీహెచ్ 7.4 బదులు 4.7 అని రాసి అలవాటుగా దాని మీదే దిద్దేశాను. క్వాలిటీ అష్యూరెన్స్ అమ్మాయి, నాకన్నా పదేళ్లు చిన్న, "మేడం, ఇప్పుడు ఇది తప్పు కాదు, అనుమానం" అంది. ఆ పేజీ మీద డీవియేషన్, అంటే పద్ధతి తప్పినట్టు, నమోదైంది. మొహం చెల్లలేదు నాకు.

ఇంతకన్నా పెద్ద షాక్, నాకు బాగా వచ్చిన పనులే ఇక్కడ పనికిరాకపోవడం. బాక్టీరియాను పెంచేటప్పుడు పదేళ్లు కళ్లు మూసుకుని ఆంపిసిలిన్ వేశాను. టీకా తయారీలో అది వద్దంటారు, దాని అవశేషం మిగిలితే పెన్సిలిన్ పడనివాళ్లకు ప్రమాదం. కనామైసిన్‌కు మారాలి. ప్రోటీన్ తోకకు ఆరు హిస్టిడిన్లు తగిలించి నికెల్ కాలమ్‌లో ఒక్క పూటలో శుద్ధి చేసేదాన్ని. ఆ తోకతో ఒంట్లోకి ఎందుకు పంపాలి, దాని మీద కూడా యాంటీబాడీలు పుడితే? తోక లేకుండా మూడు కాలమ్‌లు నడిపి శుద్ధి చేయడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. ఇక ఎండోటాక్సిన్, అంటే బాక్టీరియా పొరలోని విషం. ఎక్స్‌రేకు దానితో పనిలేదు కాబట్టి నేనెప్పుడూ కొలవనేలేదు. ఇక్కడ మొదటిసారి కొలిస్తే వచ్చిన అంకె చూసి మా బాస్ "ఇది టీకా కాదు, జ్వరం" అన్నారు.

ఇండోర్‌లో 31కి ఒక్కటి చాలు అన్నాను కదా. ఇక్కడ ఆ ఒక్కదానికి విలువ లేదు. మూడు బ్యాచ్‌లు చేస్తే మూడూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలి. ఒకటి మహా అద్భుతంగా వచ్చినా సమస్యే, ఎందుకు వచ్చిందో చెప్పాలి.

ఏ జబ్బుకు టీకా అన్నది చెప్పకూడదు, కాగితం మీద సంతకం పెట్టాను. ఒక బాక్టీరియా ప్రోటీన్ అనుకోండి. దానికీ ఒక లూప్ ఉంది! లూప్ ఉన్నదీ, కోసేసిందీ రెండూ తయారుచేద్దామని 2024 జనవరిలో అడిగాను. జంతువుల ఎథిక్స్ కమిటీ అనుమతికి మూడు నెలలు. జూన్‌లో ఎలుకలకు మొదటి సూది, 21వ రోజున రెండోది, 35వ రోజున రక్తం. సూది వేసేది నేను కాదు, దానికి శిక్షణ పొందినవాళ్లు వేరే ఉంటారు. కానీ ఆ 35 రోజులూ నేనే ఎలుకనైనట్టు తిరిగాను.

యాంటీబాడీలు ఎంత అతుక్కుంటాయో రంగుతో చూపే ఎలైజా పరీక్షలో రెండూ బాగానే పసుపెక్కాయి. నిజం చెప్పాలంటే కోసేసినదే కొంచెం ఎక్కువ. ఒక పూట సంతోషపడ్డాను, నా పాత చేతివాటం గెలిచిందని. తర్వాతి వారం ఆ సీరం బతికున్న బాక్టీరియాను చంపగలదా లేదా అన్న పరీక్ష చేస్తే, కోసేసిన దానితో వచ్చిన యాంటీబాడీలు అతుక్కున్నాయి గాని చంపలేదు. లూప్ ఉన్న దానివే చంపాయి. సెప్టెంబర్‌లో మరో దెబ్బ: లూప్ ఉన్న ప్రోటీన్ ఫ్రిజ్‌లో మూడు నెలలకే ఆ లూప్ దగ్గరే తెగిపోతోంది. ప్రోటీన్ ముక్కలను సైజును బట్టి విడదీసి చూపే పరీక్ష జెల్ మీద ఒక గీత ఉండాల్సిన చోట మూడు గీతలు.

అప్పుడు నా పాత చదువు మొదటిసారి అక్కరకొచ్చింది. లూప్ రెండు మొదళ్లనూ కలుపుతూ రెండు సిస్టీన్లు పెడితే వాటి మధ్య గంధకపు ముడి పడుతుంది, చొక్కాకు గుండీ పెట్టినట్టు. ఎక్కడ పెట్టాలో స్ట్రక్చర్ చూసినవాళ్లకే తెలుస్తుంది, ఒక్క ఆంగ్‌స్ట్రామ్ అటూ ఇటూ అయితే గుండీ కాజాకు అందదు. నాలుగు రకాలు గీశాను. మూడు నీళ్లలో కరగనే లేదు. నాలుగోది నిలబడింది.

ఇప్పుడు పటిక. ప్రోటీన్ ఒక్కటే ఇస్తే ఒళ్లు పెద్దగా పట్టించుకోదు, అందుకే అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్‌కు అంటించి ఇస్తారు. లండన్‌లో గ్లెనీ అనే ఆయన 1926లో డిఫ్తీరియా టీకాకు పటిక కలిపి చూసిన దగ్గర్నుంచి ఉన్న పద్ధతి. దీనితో ఒక్కటే జాగ్రత్త, ఎన్నడూ గడ్డకట్టకూడదు. 2 నుంచి 8 డిగ్రీలు, అంతే. 2025 ఫిబ్రవరిలో 40 ట్రయల్ వయల్స్ ఉన్న పెట్టెను ఫ్రిజ్ వెనక గోడకు ఆనించి పెట్టి ఇంటికి పోయాను. పొద్దున డేటా లాగర్ చూస్తే రాత్రి మూడు గంటలకు పైగా సున్నా కిందికి పోయింది. తప్పు నాదే, వెనక గోడకు ఆనించొద్దని ఎస్‌ఓపీలో ఉంది, నేను సంతకం పెట్టిన 46లో అదొకటి.

గడ్డకట్టిందో లేదో తేల్చడానికి షేక్ టెస్ట్ చేస్తారు. కావాలని గడ్డకట్టించి కరిగించిన సీసా ఒకటి, అనుమానం ఉన్న సీసా ఒకటి, రెండూ చేతిలో పట్టుకుని ఊపి బల్ల మీద పెట్టి, ఏది ఎంత తొందరగా కిందికి దిగుతుందో చూడాలి. మంచి టీకా పలచని మజ్జిగలా చాలాసేపు తెల్లగా నిలుస్తుంది. నా రెండు సీసాల్లోనూ అరనిమిషంలోనే తెల్లటి తునకలు విడివిడిగా కనపడి, దూది పింజల్లా తిరుగుతూ కిందికి దిగిపోయాయి. పైన తేట నీళ్లు.

ఆ తునకలు నేనెరుగుదును. చిన్నప్పుడు మా ఇంట్లో నల్లా ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఒకటుండేది. బోరు నీళ్లలో ఎముకలను వంచే ఫ్లోరైడ్. అమ్మ కొంచెం సున్నం, లెక్క ప్రకారం పటిక, చిటికెడు బ్లీచింగ్ వేసి కట్టెతో కలిపేది. గంటసేపు ముట్టనిచ్చేది కాదు. నేను, తమ్ముడు బకెట్ మీద వంగి, తెల్లటి పింజలు ఒకదానికొకటి అంటుకుని అడుక్కు దిగడం చూసేవాళ్లం. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు తయారుచేసిన ఆ పద్ధతిని బయటి దేశాల పుస్తకాల్లో కూడా నల్లగొండ టెక్నిక్ అనే అంటారని పీజీలో గాని తెలియలేదు. పటిక నీళ్లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవుతుంది, ఆ పింజలకు ఫ్లోరైడ్ అంటుకుంటుంది. మా అవ్వ కాలానికి ఆ బకెట్ రాలేదు, ఆమె వంగిన నడుముతోనే పోయింది.

40 వయల్స్ పారేశాం. డీవియేషన్ రాసి, కారణం దగ్గర నా పేరు రాసి, మళ్లీ శిక్షణకు కూర్చున్నాను. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి బకెట్ సంగతి అడిగాను. "ఇంక ఏడుంది? గోలెం పక్కకు పడేసినం. భగీరథ నీళ్లొచ్చినంక ఎవరు జేస్తరు?" అని, కాసేపాగి, "బిడ్డా, గా మందుల పటిక ఏస్తరంటున్నవ్ గద, మీ అవ్వకొచ్చిన రోగానికి గూడ సూది కనిపెడ్తరా?" అంది. అది క్రిమితో వచ్చే రోగం కాదమ్మా, నీళ్లతో వచ్చేది, దానికి టీకా ఉండదు అన్నాను. "ఉండదా?" అని ఇంకోసారి అడిగింది.

గుండీ పెట్టిన ప్రోటీన్‌ను అల్యూమినియం జెల్‌కు అంటించి మార్చి 29న, ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ పరీక్షలో పెట్టాం, ఈసారి మధ్య అరలో. మూడో నెల శాంపిల్ జూన్‌లో చూస్తే పరీక్ష జెల్ మీద ఒకే గీత. ఆరో నెల శాంపిల్ తేదీ సెప్టెంబర్ 29, సద్దుల బతుకమ్మకు ముందురోజు. మూడు రోజులు అటూ ఇటూ వెసులుబాటు ఉంది గాని, నేను పండగ అని వాయిదా వేయలేదు. సాయంత్రం 4:20కి వయల్స్ తీసి, నీలం ఇంకుతో లాగ్ రాసి, లేట్ బస్సులో ఎల్బీ నగర్‌కు, అక్కడి నుంచి నల్లగొండ ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి పోయాను. ఇంటికి చేరేసరికి పదకొండు. పాప ఈసారి మేలుకునే ఉంది, తంగేడు పూల పక్కన కూర్చుని.

గీత ఒకటా మూడా అన్నది ఇంకా రాలేదు. క్వాలిటీ వాళ్ల దగ్గర వరుసలో మాది తొమ్మిదోది, వచ్చే గురువారం అన్నారు.